తలమీద తువ్వాలు

పెదచింతల రోడ్డు స్టేషన్లో రైలింజను ఆపడానికి ఎర్రజెండా అక్కర్లేదు, వెంకాయమ్మ తువ్వాలు దులిపితే చాలు అని ఆ మిర్చి సీజన్లో ఒక మాట పుట్టింది. పుట్టించింది టీకొట్టు బాబ్జీ. బాబ్జీ కొట్లో పుట్టిన మాట పొద్దు వాలేలోగా వినుకొండ దాకా పాకుతుంది కాబట్టి, ఇది కూడా పాకి పాకి పై అధికారుల చెవిన పడింది. విన్నవాళ్ళంతా నవ్వుకున్నారు. నవ్వలేకపోయింది మాధవీలత ఒక్కతే.

మాధవీలత ఆ స్టేషన్‌కి వచ్చిన కొత్త షంటింగ్ మాస్టరు. ఉన్నమాట చెప్పాలంటే ఇంకా సగం మాస్టరే. రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళేలా పట్టాల దగ్గర పాయింట్లు మార్చే పని నుంచి పరీక్ష రాసి పైకొచ్చింది. గూడ్స్ షెడ్డు దగ్గరికి ఖాళీ వ్యాగన్లు తెచ్చి పెట్టించడం, నిండినవి తీయించడం, ఒకదానికొకటి తగిలించడం, విడదీయడం ఇప్పుడు ఆమె పని. అయితే సీజను అయ్యేలోగా ఇన్‌స్పెక్టరు సంజీవరావు గారు స్వయంగా వచ్చి, ఆమె చేసే పని కళ్ళారా చూసి, సరేనని సంతకం పెడితేనే ఆ ఉద్యోగం ఆమెకు ఖాయం. పెట్టకపోతే మళ్ళీ పాత పనికే పోవాలి.

పాత పని చెడ్డదని కాదు. మాధవీలతకి షంటింగంటే పిచ్చి, అంతే. మంగళగిరిలో వాళ్ళ నాన్న పానకాలు మగ్గం గుంటలో కూర్చుని కాలితో నొక్కగానే పోగులన్నీ ఒక్కసారిగా విడిపోయి, అటూ ఇటూ దారం పట్టుకెళ్ళే నాడెకు దారి ఇవ్వడం చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసేది. ఇక్కడ తను పచ్చజెండా ఊపితే అంత పెద్ద ఇంజనూ దాని ముందున్న వ్యాగన్ల వరసా బద్ధకంగా కదిలి తన వైపు వస్తాయి. ఎర్రజెండా ఎత్తితే నిలబడిపోతాయి. అంత ఇనుము తన మాట వినడం ఆమెకి ఎంత ఇష్టమంటే, ఆ ఇష్టం బయటపడకుండా మొహం ముడుచుకుని ఉండటమే ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన భాగం. పానకాలు రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఖాయమైందా అమ్మా?" అని అడుగుతాడు. ఆమె "ఇంకా లేదు నాన్నా" అంటుంది. వెంటనే ఇద్దరూ కూర సంగతి మాట్లాడుకుంటారు.

షంటింగ్‌కి నియమాలు చాంతాడంత ఉన్నాయి. వాటిలో ప్రాణంలాంటివి కొన్నే. షంటింగ్ మాస్టరు సైగ లేకుండా ఇంజను కదలకూడదు. వ్యాగన్లు కదులుతున్నా, కదలబోతున్నా వాటి మధ్యకి మనిషి వెళ్ళకూడదు. వెళ్ళాల్సి వస్తే ముందు ఎర్రజెండా చూపించి, ఇంజను ఆగిందని తేల్చుకుని అప్పుడు వెళ్ళాలి. పట్టాల పక్కన ఎవరైనా సరే, పశువులు కాసుకునేవాడైనా సరే, చేతిలో ఉన్నది ఏదైనా గట్టిగా ఊపితే దాన్ని ప్రమాదం కిందే లెక్క కట్టాలని కూడా ఉంది. ఊపింది ఎవరు, ఎందుకు అని ఇంజను నడిపేవాడు ఆలోచించకూడదు. ముందు ఆపాలి, తర్వాత అడగాలి. మాధవీలత కొంప ముంచుతున్నది ఈ చివరి నియమమే.

గూడ్స్ షెడ్డులో మగవాళ్ళు టిక్కీలు, అంటే మిర్చి కుక్కిన గోతాలు, మోసి వ్యాగన్లలో పేరుస్తారు. ఆడవాళ్ళు విడిపోయిన గోతాల మూతులు కుడతారు, రాలిన కాయలు ఊడ్చి ఎత్తుతారు. ఆ ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి వెంకాయమ్మ. ఆమె గొంతు విప్పితే ఇంజను కూత చిన్నబోతుంది. ఇంజను వచ్చి వ్యాగన్లని తగిలించినప్పుడల్లా షెడ్డు మొత్తం అదిరి, నేల మీదదీ రేకుల మీదదీ కారం దుమ్ము ఒక్కసారి లేస్తుంది. ముక్కులకీ తలలకీ చుట్టుకున్న తువ్వాళ్ళు ఎర్రబడిపోతాయి. ఆ ఘాటు ఒకసారి పీల్చినవాళ్ళకి ఇక వేరే ఆలోచన ఉండదు. అందరూ తువ్వాళ్ళు లాగి, ప్లాట్‌ఫారం అంచుకొచ్చి, పట్టాల వైపు తిరిగి బలంగా దులుపుతారు. ఇంజన్లో ఉన్న ఇమాం హుస్సేన్ గారు అది చూసి బ్రేకు వేస్తాడు. ఎందుకు ఆగాడో తెలుసుకుని మళ్ళీ కదిలేసరికి ఇంకో నలుగురు దులుపుతుంటారు.

అలా గంటలో అయ్యే పని పూటంతా పట్టేది. సంజీవరావు గారు ఫోన్లో "ఏమ్మా, మీ స్టేషన్లో వ్యాగన్ల కంటే తువ్వాళ్ళే ఎక్కువ కదులుతున్నాయంట?" అన్నారు. మాటలో నవ్వు ఉంది కానీ మనిషిలో లేదు.

ఇమాం హుస్సేన్ పెద్దవాడు, నెమ్మదస్తుడు. ఒకరోజు పని మధ్యలో ఇంజను దిగొచ్చి, ఫ్లాస్కులో టీ మూతలోకి వంచి ఆమెకిచ్చాడు.

"అమ్మా, నువ్వు ఒక్క మాట చెప్పు. ఆ ఆడాళ్ళ తువ్వాళ్ళని పట్టించుకోవద్దని చెప్పు చాలు. నేను పట్టించుకోను. నీ టైమూ మిగులుద్ది, నా ప్రాణమూ హాయిగా ఉంటది."

ఆ మాట మాధవీలత నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకు అబద్ధం, చాలా తియ్యగా వచ్చింది. సంతకం కూడా కళ్ళ ముందు కనపడింది. టీ తాగుతూ అడిగింది.

"రేపెప్పుడన్నా నిజంగానే ఊపారనుకోండి. ఎవరో పట్టాల మీద పడ్డారని. అది కారం కోసం కాదని మీకెట్టా తెలుసుద్ది?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "తెలవదమ్మా" అన్నాడు.

"అయితే వద్దులెండి."

"సరే, ఆగుతానే ఉంటా. నాదేం పోయింది, ఫోన్లో తిట్లు పడేది నీకే."

ఆ రోజు తన డ్యూటీ అయిపోయి ఇంకో మాస్టరు పనిలోకి దిగాక, మాధవీలత తిన్నగా వెంకాయమ్మ దగ్గరికి వెళ్ళింది. తువ్వాళ్ళ సంగతి ఎత్తగానే వెంకాయమ్మ చేతిలో దబ్బనం ఆగిపోయింది.

"ఏంది అమ్మాయ్, దులపొద్దా? కారం మీ జెండాల్లో పడతందా మా కళ్ళల్లో పడతందా? నువ్వొచ్చి ఒక్క పూట కూర్చుని చూడు, తర్వాత చెప్పు నీతులు."

కూర్చుంది. వెంకాయమ్మ తన దగ్గరున్న పాత తువ్వాలు ఆమె తలకీ ముక్కుకీ చుట్టి, చేతికి ఒక గోతం ఇచ్చింది. కాసేపు బాగానే ఉంది. ఇంతలో ఖాళీ వ్యాగన్లు వచ్చి ధడాలున తగిలాయి. దుమ్ము లేచింది. మాధవీలత కళ్ళు మూసుకుంది, ముక్కు మూసుకుంది, ఏదీ పనిచేయలేదు. తను ఎవరో, ఏం ఉద్యోగం చేస్తోందో మర్చిపోయి లేచి, తువ్వాలు లాగి, ప్లాట్‌ఫారం అంచు దాకా వెళ్ళి బలమంతా పెట్టి దులిపింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఇంజను ఆగి ఉంది. ఇమాం హుస్సేన్ తల బయటికి పెట్టి ఆమె వంకే చూస్తున్నాడు.

షెడ్డు షెడ్డంతా పడీ పడీ నవ్వింది. వెంకాయమ్మకైతే నవ్వూ దగ్గూ కలిసొచ్చి నీళ్ళు తాగించాల్సి వచ్చింది. మాధవీలతకి సిగ్గేసింది కానీ ఆ సిగ్గు వల్లే పని జరిగింది. తమతో పాటు తుమ్మిన మనిషి మాటను ఆ ముఠా విననని ఎలా అంటుంది?

"దులపొద్దని అనను పిన్నీ" అంది మాధవీలత. "ఆగినాక దులుపుకోండి. ఇంజను కదులుతున్నంతసేపూ తువ్వాలు తలమీద బిగించి ఉండాలి."

"ఆగిందో లేదో మాకేం తెలుసుద్ది? ఆగినట్టే ఆగి మళ్ళీ గుద్దుద్ది."

"నేను ఎర్రజెండా ఎత్తి నిలబడతాను. అది పైనున్నంతసేపూ ఏదీ కదలదు. మీరందరూ దులుపుకున్నాకే దించుతాను."

వెంకాయమ్మ ఆలోచించింది. ఊరికే ఒప్పుకోవడం ఆమె వంశంలో లేదు. "అట్టయితే ఆ హుస్సేన్ గారికి చెప్పు. టిక్కీ పడేసినట్టు కాదు, నిద్రపోయే పిల్లని పక్కమీద దించినట్టు తగిలించమను. అసలు దుమ్మే లేవకపోతే మేం దులిపేదేంటి?"

"చెప్తాను. ఇంకొకటి పిన్నీ. కదిలేటప్పుడు నిజంగా ఏదన్నా తేడా కనపడితే మాత్రం ఊపండి. ఎవర్నీ అడగొద్దు."

"తేడా అంటే?"

"చూడగానే మీ గుండె గుభేల్‌మంటే అదే తేడా."

మర్నాటి నుంచి షెడ్డు తీరే మారిపోయింది. పచ్చజెండా లేస్తే తువ్వాళ్ళు తలలకి బిగిసేవి. ఎర్రజెండా లేస్తే అన్నీ ఒక్కసారి విప్పుకుని రెపరెపలాడేవి. ఇమాం హుస్సేన్ వెంకాయమ్మ మాటను పందెంలా తీసుకుని, వ్యాగన్లని ఎంత సుతారంగా తగిలించేవాడంటే, తగిలాయో లేదో మాధవీలత వంగి చూసుకోవాల్సి వచ్చేది. పని గంటలోకి వచ్చింది. ఫోన్లు తగ్గాయి. బాబ్జీ ఇంకో మాట వెతుక్కునే పనిలో పడ్డాడు. మాధవీలత ఆ రోజుల్లో పట్టాల వెంట నడుస్తూ తనలో తను కూనిరాగాలు తీసేది, ఎవరన్నా ఎదురైతే మొహం ముడుచుకునేది.

సంజీవరావు గారు ఒక ఉదయం వచ్చారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెడలో కళ్ళజోడు. నేరుగా ఇంజనెక్కి ఇమాం హుస్సేన్ పక్కన నిలబడ్డారు. అక్కడి నుంచే అంతా చూస్తానన్నారు.

షెడ్డు దగ్గర పట్టాలు వంపు తిరుగుతాయి. ఇంజన్లో ఉన్నవాళ్ళకి ఆ చివర కనపడదు. అందుకని మధ్యలో పాయింట్స్‌మన్ అనిల్ కుమార్ నిలబడి, మాధవీలత ఏ జెండా చూపిస్తే అదే జెండా తిరిగి ఇంజనుకి చూపిస్తాడు. ఆ ఉదయం ఇద్దరూ ఒక్క సైగ కూడా తడబడకుండా చేశారు. ముఠా వాళ్ళు కూడా పెళ్ళివారింట్లో పెద్దమనుషుల్లా తువ్వాళ్ళు బిగించుకుని కూర్చున్నారు. ఇక మిగిలింది ఆఖరి జత. నిండి ఉన్న వ్యాగన్లకి ఖాళీవి తగిలిస్తే అయిపోయినట్టే.

ఖాళీవి దగ్గరికొచ్చాక నియమం ప్రకారం మాధవీలత వాటిని కొంచెం ఎడంగా ఆపించింది. చూసింది. బాగుందనుకుని నెమ్మదిగా రమ్మని పచ్చజెండా ఊపింది. అనిల్ కుమార్ అది అందుకుని ఇంజను వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడు ఆమె కంటపడింది, ఆగి ఉన్న వ్యాగన్ కొక్కెంలో ఇరుక్కుని వేలాడుతున్న గోనెపట్టా. అది ఉంటే కొక్కెం పడదు. పడకపోతే ఇంజనుని వెనక్కి పంపించి మళ్ళీ రప్పించి, గట్టిగా గుద్దించాలి. ఇన్‌స్పెక్టరు గారు చూస్తుండగా, అంతా ఇంత బాగా జరిగాక, చివర్లో ఆ గుద్దుడు.

ఎర్రజెండా ఎత్తి ఆపించి అప్పుడు తీయాలి. ఈ సంగతి ఆమెకు తెలియదా? నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. కానీ లాగిపడేస్తే పోతుందిగా అనుకుంది. జెండా చంకలో పెట్టుకుని ఆ సందులోకి దూరింది.

పట్టా రాలేదు. దాని పురికొస కొక్కెం వెనక ఎక్కడో చుట్టుకుని ఉంది. ఒక చేత్తో లాగింది, తర్వాత రెండు చేతులతో. వెనక నుంచి వ్యాగన్లు వస్తున్నాయి. మామూలుగా అయితే ఆ రొద చెవుల్లో పడేది. ఇప్పుడు పడలేదు. నిద్రపోయే పిల్లని పక్కమీద దించినట్టు రమ్మని ఆయనకి చెప్పింది తనేగా.

ప్లాట్‌ఫారం చివర గోతం కుడుతున్న వెంకాయమ్మ ఊరికే తలెత్తింది. సందులో ఒక మనిషి వీపు కనపడింది. అరిచినా ఆ వంపు అవతలున్న ఇంజన్లోకి వినపడదు. తలమీద తువ్వాలు పీకి, లేచి, పిచ్చిపట్టినట్టు ఊపింది. ఆమె పక్కనున్నావిడ ఎందుకని అడక్కుండానే తన తువ్వాలు పీకి ఊపింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. అలా వంపు తిరిగిన ప్లాట్‌ఫారం పొడుగునా తువ్వాళ్ళు లేచాయి. ఎందుకో తెలిసింది వెంకాయమ్మ ఒక్కదానికే. ఇంజనుకి ఎదురుగా ఉన్న ఆఖరి మనిషి ఊపిన తువ్వాలు ఇమాం హుస్సేన్ కంటపడింది.

ఆయన బ్రేకు వేశాడు.

బ్రేకు చప్పుడుకి మాధవీలత వెనక్కి తిరిగింది. చేయి చాస్తే తగిలేంత దగ్గర్లో నల్లటి కొక్కెం నోరు తెరుచుకుని నిలబడి ఉంది. పట్టా ముక్క ఆమె చేతిలోకి ఊడి వచ్చింది.

"బయటికి రా ముందు. రా అమ్మా" అంది పైనుంచి వెంకాయమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. చేయి పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి లాగింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మాధవీలతకి.

మిగిలిన పని పద్ధతిగా పూర్తిచేసింది. ఎర్రజెండా, మళ్ళీ చూడటం, పచ్చజెండా. కొక్కెం మెత్తగా పడింది. సంజీవరావు గారు ప్లాట్‌ఫారం వెంట నడిచి వచ్చారు, వెనకాలే ఇమాం హుస్సేనూ అనిల్ కుమారూ.

"పని బాగుందమ్మా. సైగలు శుభ్రంగా ఉన్నాయి, వేగం కూడా అదుపులో ఉంది" అన్నారాయన. "సాయంత్రం సంతకం పెట్టి పంపిస్తాను. ఒక్కటే నచ్చలేదు. చివర్లో మళ్ళీ ఆ తువ్వాళ్ళు, అదీ వరసబెట్టి అందరూ. ఎవరు మొదలుపెట్టింది?"

"నేనేనయ్యా" అంది వెంకాయమ్మ. "కారం పడింది, ఓర్చుకోలేకపోయాను. తప్పయింది."

మాధవీలత ఆమె వంక చూసింది. వెంకాయమ్మ చూడలేదు, దబ్బనంలోకి పురికొస ఎక్కించడానికి ప్రయత్నిస్తోంది. అది ఎక్కడం లేదు.

"ఈ ముఠాని మార్చమని కాంట్రాక్టరుకి చెప్తాను" అన్నారు సంజీవరావు గారు. "అప్పటిదాకా హుస్సేన్ గారూ, వాళ్ళ ఊపుళ్ళు మీరు పట్టించుకోనక్కర్లేదు."

ఇమాం హుస్సేన్ మాధవీలత వైపు తిరిగాడు. ఆయనకేమీ తెలియదు. ఊరికే, ఏం చెయ్యమంటావన్నట్టు చూశాడు. ఎండలో ఆమెకి చెమట పట్టింది. నోరు మూసుకుంటే ఉద్యోగం చేతిలో ఉంది. సాయంత్రం నాన్న ఫోన్ చేస్తే చెప్పాల్సిన మాట కూడా సిద్ధంగా ఉంది.

"కారం కాదండి" అంది. "నేను మధ్యలోకి వెళ్ళాను. ఎర్రజెండా చూపించకుండా. ఆవిడ ఊపింది నా కోసం."

చేతిలో ఇంకా ఉన్న గోనెపట్టా ముక్క చూపించి జరిగింది జరిగినట్టు చెప్పింది. అనిల్ కుమార్ మొహం పాలిపోయింది. తను ఇంజను వైపు తిరిగి ఉన్నానని ఏదో చెప్పబోయాడు, నీ తప్పేం లేదని ఆమె చెయ్యూపింది. సంజీవరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది తుడవాల్సినంత మురికిగా ఏం లేదు.

"ఇది నిన్ను పాత పనికి పంపించేయాల్సిన తప్పు. తెలుసా?"

"తెలుసండి."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. పైగా ఆవిడ తప్పంతా తన మీద వేసుకుంది. ఎందుకు చెప్పావు?"

మాధవీలతకి ఏడుపొచ్చింది, కానీ మాట తిన్నగానే వచ్చింది. "రేపు మళ్ళీ ఆ తువ్వాలు ఊగితే ఆయన ఆగాలండి."

సంజీవరావు గారు పట్టాల వైపు చూశారు, ఆ సందు వైపు చూశారు, చివరికి వెంకాయమ్మ వైపు చూశారు. చేతులు జోడించలేదు కానీ జోడించినట్టే తల వంచారు.

"సంతకం ఇవ్వాళ లేదు" అన్నారు. "నెల తర్వాత మళ్ళీ వస్తాను, అంతా మొదటి నుంచి చూస్తాను. అప్పటిదాకా నీ పక్కన ఇంకో మాస్టరు ఉంటాడు. హుస్సేన్ గారూ, ఇందాక నేనన్న మాట అనలేదనుకోండి. ఆ తువ్వాళ్ళకి మీరు ఆగాల్సిందే."

"ఆగుతానండి" అన్నాడు ఇమాం హుస్సేన్. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ షెడ్డులో అందరి కళ్ళూ ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం పానకాలు ఫోన్ చేశాడు. మాధవీలత ఏదీ దాచలేదు. అవతల ఆయన మగ్గం ఆపాడు.

"చేతులూ కాళ్ళూ బాగున్నాయా అమ్మా?"

"బాగున్నాయి నాన్నా."

"నెల ఎంతలో వస్తది. ఏం కూర వండావు?"

దొండకాయ వేపుడని చెప్పింది. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. బరువు దిగిన మనిషికి నిద్ర పట్టడానికి సంతకాలు అక్కర్లేదు.

తెల్లవారి డ్యూటీలో, పక్కన ఇంకో మాస్టరు చూస్తుండగా, మొదటి జత తగిలింది. మాధవీలత ఎర్రజెండా ఎత్తి నిలబడింది. రోజూ అయితే ఈపాటికి తువ్వాళ్ళన్నీ విప్పుకుని రెపరెపలాడాలి. ఒక్కటీ కదల్లేదు. అందరూ కళ్ళు చికిలించుకుని, ముక్కులు ఎగబీలుస్తూ వెంకాయమ్మ వంక చూస్తున్నారు. వెంకాయమ్మ మాధవీలత వంక చూస్తోంది.

"దులుపుకో పిన్నీ, ఆగిందిగా."

"ఇంజను ఆగిందిలే. నువ్వు ఎక్కడున్నావు?"

మాధవీలత కిందికి చూసుకుంది. ఒక కాలు ప్లాట్‌ఫారం మెట్టు మీద ఉంది, ఇంకొకటి పట్టాల పక్క కంకరలోనే ఉంది. గబగబా ప్లాట్‌ఫారం ఎక్కి, రెండు కాళ్ళూ దగ్గర పెట్టుకుని, జెండా ఎత్తి నిటారుగా నిలబడింది. వెంకాయమ్మ ఆమెను తల నుంచి పాదాల దాకా తీరిగ్గా చూసింది, అప్పుడు తన తువ్వాలు విప్పింది.